‘మోకాలి కింద’ అంటే ఎక్కడండీ?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు జీఎన్‌ఎం నర్సింగ్ మొదటి సంవత్సరంలో చేరాను. యాంటీరియర్, పోస్టీరియర్, మీడియల్, లాటరల్ అని రోజూ బట్టీ పడుతున్నాను. తెల్లారేసరికి అన్నీ తారుమారైపోతున్నాయి. మొన్న వార్డులో ఒక పెద్దాయన దెబ్బ గురించి ‘మోకాలి కింద గాయం’ అని రాశాను. ‘కింద అంటే ముందా, వెనకా, పిక్క మీదా?’ అని సిస్టర్ గారు అందరి ముందూ అడిగారు. ఎక్స్‌రేలో కుడి ఎడమలు కూడా తిరగేసి చెప్పాను. ఇక కాళ్ళూ చేతుల కదలికల పేర్లయితే అసలు తలకెక్కడం లేదు. వచ్చే నెలలో ప్రాక్టికల్స్. బట్టీ లేకుండా వీటిని పట్టుకునే దారేదైనా ఉందాండీ?

సమాధానం: సిస్టర్ గారు అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే మీ ఇబ్బంది అంతా ఆ ‘కింద’లోనే ఉంది. మన ఇంటి తెలుగులో పైన, కింద, లోపల, బయట అనే మాటలు ఒక్కొక్కటీ మూడు నాలుగు చాకిరీలు చేస్తాయి. ‘మోకాలి పైన కురుపు’ అంటే తొడ చివర అనుకోవచ్చు, మోకాలిచిప్ప మీది చర్మం అనీ అనుకోవచ్చు. ‘తొడ లోపల గడ్డ’ అంటే రెండో తొడకి ఆనే వైపు అనా, కండలో లోతుగా అనా? మంచం మీద వెల్లకిలా పడుకున్న మనిషికి ‘పైన’ అంటే ఫ్యాను వైపు. లేచి నిలబడితే అదే ‘పైన’ నెత్తి వైపు. ఇంట్లో ఎదురుగా మనిషి ఉంటాడు, వేలుపెట్టి చూపిస్తాం, సరిపోతుంది. కేసు షీటులో వేలుండదు. నైట్ డ్యూటీలో వచ్చే నర్సు మీ అక్షరాన్ని మాత్రమే చూస్తుంది.

అందుకని మీ నోటుబుక్కులో ‘సుపీరియర్ అంటే పైన’ అని రాసుకుని ఉంటే ఈ రోజే కొట్టేయండి. ‘తల వైపు’ అని రాయండి. ఇన్ఫీరియర్ పాదాల వైపు. యాంటీరియర్ బొడ్డు వైపు, పోస్టీరియర్ వెన్ను వైపు. ముక్కు, బొడ్డు మీదుగా మనిషిని రెండు సమభాగాలు చేసే నడిగీత ఉందనుకోండి, దానికి దగ్గరైతే మీడియల్, దూరమైతే లాటరల్. చర్మానికి దగ్గరైతే సూపర్‌ఫిషియల్, చర్మానికి దూరంగా లోతుకి పోతే డీప్. మన ‘లోపల’ అనే ఒక్క మాట మీడియల్‌గానూ, డీప్‌గానూ చీలిందని గమనించారా? ‘బయట’ లాటరల్‌గానూ, సూపర్‌ఫిషియల్‌గానూ చీలింది. ‘పైన’ అయితే సుపీరియర్, ప్రాక్సిమల్ (కాళ్ళూ చేతుల్లో మొండెం వైపు), సూపర్‌ఫిషియల్ అని మూడు ముక్కలైంది. వెల్లకిలా పడుకున్న మనిషి దగ్గర యాంటీరియర్‌ని కూడా మనం ‘పైన’ అనేస్తాం, అది నాలుగోది. ఒక తెలుగు మాటకి ఒక ఇంగ్లీషు మాట జతచేసి బట్టీ పడితే నిలవకపోవడానికి కారణం ఇదే.

ఈ దిక్కులన్నీ ఒకే ఒక్క నిలుచునే తీరుని బట్టి పెట్టినవి. మనిషి నిటారుగా నిలబడాలి, చూపు ఎదురుగా ఉండాలి, పాదాలు దగ్గరగా, కాలివేళ్ళు ముందుకు, చేతులు పక్కన వేలాడుతూ అరచేతులు ముందుకి తిరిగి ఉండాలి. దీన్ని అనటామికల్ పొజిషన్ అంటారు. పేషెంటు ముడుచుకుని పడుకున్నా, కుర్చీలో కూలబడినా, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌లో వేలాడుతున్నా, మీరు మనసులో అతన్ని లేపి ఇలా నిలబెట్టి ఆ తర్వాతే రాయాలి. ప్రాక్టికల్స్‌లో ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మంచం మీది మనిషిని చూపించి సుపీరియర్ ఎటని అడిగితే వేలు కప్పు వైపు లేస్తుంది. మంచం మీద సుపీరియర్ అంటే తలగడ వైపు.

అరచేతులు ముందుకే ఎందుకుండాలన్న దానికి కారణం మీ చేతిలోనే దొరుకుతుంది. కుడి మోచెయ్యి బల్ల మీద ఆనించి, ముంజేతిని నిలువుగా పెట్టండి. మోచేతి మొన నుంచి చిటికెనవేలి వైపుగా చర్మం కిందే ఒక ఎముక అంచు తగులుతూ ఉంటుంది, అది అల్నా. దాని మీద ఎడమచేతి వేళ్ళు ఉంచి కుడి అరచేతిని అటూ ఇటూ తిప్పండి. అల్నా దాదాపు కదలదు. బొటనవేలి వైపున్న రేడియస్ దాని చుట్టూ తిరుగుతుంది. అరచెయ్యి ముందుకుంటే రెండెముకలూ పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి, వెనక్కి తిప్పితే రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా దాటుతుంది. సమాంతరంగా ఉన్నప్పుడే ఏది మీడియల్ ఏది లాటరల్ అని నిక్కచ్చిగా చెప్పగలం. బొటనవేలి వైపు లాటరల్, చిటికెనవేలి వైపు మీడియల్. బీపీ చూసేటప్పుడు ఇది వెంటనే పనికొస్తుంది. కఫ్ కింది అంచు మోచేతి మడతకి 2–3 సెం.మీ. ఎగువన ఉండాలి, స్టెతస్కోపు బైసెప్స్ స్నాయువుకి (ఆ కండని ఎముకకి కలిపే తాడుకి) మీడియల్‌గా పెట్టాలి, అంటే చిటికెనవేలి వైపు. పేషెంటు చెయ్యి బోర్లా ఉండగా ‘లోపలి వైపు’ అనుకుంటూ వెతికితే బొటనవేలి వైపుకి పోతారు, చప్పుడు దొరకదు.

ఇక కుడి ఎడమలు. ఇది మన డెల్టా వాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య, మీరు వాడుకోవడం లేదంతే. గోదావరికి కుడి గట్టు, ఎడమ గట్టు అంటాం కదా, అవి ఎవరి కుడి ఎడమలు? చూసేవాడివి కావు, నదివి. నీళ్ళు పోయే వైపుకి ముఖం పెట్టి చెబుతాం. కొవ్వూరు కుడి గట్టున, రాజమహేంద్రవరం ఎడమ గట్టున. మీరు ఏ రేవులో నిలబడ్డా, పడవలో వెనక్కి తిరిగి కూర్చున్నా అది మారదు. ఇప్పుడు గోడకి తగిలించిన మ్యాపు చూడండి. ఉత్తరం పైకి, సముద్రం కిందికి. కుడి గట్టున ఉన్న కొవ్వూరు మ్యాపులో మీ ఎడమచేతి వైపుకి వస్తుంది. ఛాతీ ఎక్స్‌రే కూడా సరిగ్గా ఇలాగే. పేషెంటు మీకెదురుగా నిలబడి మీ వైపు చూస్తున్నట్టు ఫిల్ము పెడతారు. అతని కుడి మీ ఎడమకి వస్తుంది. గుండె కొన అతని ఎడమకి, అంటే ఫిల్ములో మీ కుడికి తిరిగి కనిపిస్తుంది. సీటీ స్కాన్ అడ్డకోతల్ని పాదాల వైపు నుంచి పైకి చూస్తున్నట్టు అమరుస్తారు, అక్కడా అతని కుడి మీ ఎడమే. ఫిల్ము తిరగేసి పెట్టే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి గుండెని కాక ముందు మూలనున్న ‘ఆర్’ లేదా ‘ఎల్’ గుర్తుని చూడండి. చెయ్యి, కాలు ఫిల్ములకైతే ఆ గుర్తు ఒక్కటే దిక్కు.

ఒక్క మెలిక ఉంది. మనిషి బోర్లా పడుకుని, మీరు అతని కాళ్ళ దగ్గర నిలబడి తల వైపు చూస్తుంటే అతని కుడి మీ కుడే అవుతుంది. ఎదురుగా ఉన్నవాళ్ళని చూసి ‘నా ఎడమ అతని కుడి’ అని సూత్రం బట్టీ పట్టినవాళ్ళు పిరుదు మీద ఇంజెక్షన్ దగ్గర, వీపు మీది డ్రెస్సింగ్ దగ్గర తప్పు రాసేది ఇందుకే. సూత్రాలు వద్దు. నది ఎటు పోతోందో చూసుకోండి. రాసేటప్పుడు కూడా ‘కుడి’, ‘ఎడమ’ అని పూర్తిగా రాయండి, పొట్టి అక్షరాలు వద్దు. హడావుడి చేతిరాతలో ‘ఆర్’ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

నది పోలిక ఇంకొంచెం దూరం వస్తుంది. కోనసీమ గౌతమికి కుడి గట్టు, వశిష్ఠకి ఎడమ గట్టు. నేల అదే, దేన్ని బట్టి చెబుతున్నామన్నదే తేడా. కన్ను ముక్కుకి లాటరల్, చెవికి మీడియల్. కన్ను మీడియలా లాటరలా అని ఎవరైనా అడిగితే ‘దేనికండీ?’ అని తిరిగి అడగాలి. ఈ మాటలన్నీ పోలికలే, వాటికి ఎప్పుడూ రెండోది ఒకటి ఉండాలి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, ‘గుండె మీడియల్’ అని ఆపేయకండి, ‘ఊపిరితిత్తులకి మీడియల్’ అని పూర్తి చేయండి.

బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది. జువాలజీలో కప్పకీ, బొద్దింకకీ పూర్వాంతం అంటే తల చివర, పరాంతం అంటే వెనక చివర అని చదివారు. పృష్ఠ తలం వీపు, ఉదర తలం పొట్ట. ఆ పూర్వమే యాంటీరియర్ అని మెదడులో పాతుకుపోయింది. మనిషి దగ్గరకొచ్చేసరికి యాంటీరియర్ పొట్ట వైపుకి మారిపోయింది. పుస్తకాలు ఒకదాన్నొకటి కాదనడం లేదు. గేదె నడుస్తుంటే ముందుగా పోయేది దాని తల. మనిషి నడుస్తుంటే ముందుగా పోయేది ఛాతీ, పొట్ట. యాంటీరియర్ అంటే రెండిటికీ ‘ముందుగా పోయే వైపు’ అనే, మనిషి రెండు కాళ్ళ మీద లేచి నిలబడ్డాడు కాబట్టి ఆ వైపు మారింది. అందువల్ల మనిషిలో ఉదర తలమే యాంటీరియర్, పృష్ఠ తలమే పోస్టీరియర్.

దీనికీ రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. మెదడులో డార్సల్, అంటే పృష్ఠ తలం, నెత్తి వైపు, ఎందుకంటే వెన్నుపాము నుంచి మెదడుకి వెళ్ళే దారి అక్కడ ముందుకి వంగుతుంది. పాదంలో డోర్సమ్ అంటే పైకి కనిపించే వైపు, అరికాలు ప్లాంటార్. పాదం నాడి చూడమంటే ఈ డోర్సమ్ మీదే చూడాలి. బొటనవేలిని పైకెత్తమనండి, పాదం మీద తాడులా ఒక స్నాయువు లేస్తుంది. దానికి కాస్త లాటరల్‌గా, అంటే చిటికెనవేలి వైపుగా, రెండు మూడు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. డోర్సాలిస్ పీడిస్ అనే ధమని అక్కడ తగులుతుంది. గట్టిగా నొక్కితే ఎముకకి అదిమి మీరే ఆపేస్తారు.

ఇప్పుడు మీరు అడగకపోయినా అడగాల్సిన ప్రశ్న: చేతి బొటనవేలు లాటరల్ అయితే కాలి బొటనవేలు మీడియల్ ఎందుకైంది? తల్లి కడుపులో రెండో నెలలో మొగ్గల్లా ఉన్న చేతులు, కాళ్ళు ఒక్కో మెలిక తిరుగుతాయి. చేతులు దాదాపు 90 డిగ్రీలు బయటికి, కాళ్ళు దాదాపు 90 డిగ్రీలు లోపలికి. అందుకే మోచెయ్యి మొన వెనక్కీ, మోకాలిచిప్ప ముందుకీ చూస్తాయి. ఈ ఒక్క మెలిక తెలిస్తే కదలికల్లోని పెద్ద చిక్కు కూడా విడిపోతుంది. ఫ్లెక్షన్ అంటే ముడవడం, ఎక్స్‌టెన్షన్ అంటే చాపడం. భుజం, మోచెయ్యి, తుంటి ముడిస్తే చెయ్యీ కాలూ ముందుకి వస్తాయి. మోకాలు ముడిస్తే మాత్రం కాలు వెనక్కి పోతుంది. ‘ముందుకొస్తే ఫ్లెక్షన్’ అని పెట్టుకున్న సూత్రం మోకాలి దగ్గర కూలిపోయేది ఇందుకే. భుజం దగ్గర ఇంకో ఇబ్బంది, అక్కడ ముడత అనేది కంటికి కనిపించదు. చేతిని ముందు నుంచి పైకెత్తితే ఫ్లెక్షన్, వెనక్కి లాగితే ఎక్స్‌టెన్షన్ అని ఒప్పుకుని ముందుకి పోండి.

ఒక ముఖ్యమైన మాట: ‘చెయ్యి’, ‘కాలు’ అనే మన మాటల్ని కేసు షీటులో నమ్మకండి. మనకి చెయ్యి అంటే భుజం నుంచి వేళ్ళ కొసల దాకా. అనటమీలో ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేతి దాకానే, మనం దండ అనే భాగం. ముంజెయ్యి ఫోర్‌ఆర్మ్, మణికట్టు దాటాక హ్యాండ్. అలాగే లెగ్ అంటే మోకాలి నుంచి చీలమండ దాకా మాత్రమే. తొడ లెగ్ కాదు, థై. ‘లెగ్ మీద గాయం’ అని మీరు రాస్తే డాక్టరు తొడ వైపు చూడరు.

కాళ్ళూ చేతుల్లో సుపీరియర్, ఇన్ఫీరియర్ కన్నా ప్రాక్సిమల్, డిస్టల్ వాడాలి. ఇది మన కాలవ లెక్క. ధవళేశ్వరం హెడ్ లాకులకి దగ్గరగా ఉన్నది ఎగువ, సముద్రం వైపున్నది శివారు. మొండేనికి అతుక్కున్న చోటు హెడ్ లాకులనుకోండి. అటు దగ్గరైతే ప్రాక్సిమల్, వేళ్ళ వైపు పోయేకొద్దీ డిస్టల్. మోచెయ్యి మణికట్టుకి ప్రాక్సిమల్, భుజానికి డిస్టల్. చెయ్యి నెత్తి మీదికి ఎత్తినా వేళ్ళు డిస్టలే. శివారు పొలాన్ని ఎత్తు చేసినంత మాత్రాన అది ఎగువకి రాదు కదా.

కాలవ పోలిక ఒకచోట కుంటుతుంది, అది ముందే చెప్పాలి. సిరల్లో రక్తం వేళ్ళ నుంచి గుండె వైపు, అంటే శివారు నుంచి హెడ్ వైపు పారుతుంది. అయినా ప్రాక్సిమల్ అంటే మొండెం వైపే, పారకంతో పనిలేదు. ఈ ఎదురు పారకం వల్లే ఐవీ కాన్యులాని (మందు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నటి గొట్టాన్ని) సాధారణంగా డిస్టల్ నుంచి మొదలుపెడతారు. ముందే మోచేతి దగ్గర సిర పాడుచేసి, తర్వాత కిందికొచ్చి అదే సిరలో పెడితే, ఎక్కించిన మందు పైకి పోతూ పాత గండిలోంచి కారి చెయ్యి వాస్తుంది. పేగుల్లో మాత్రం అతుక్కున్న చోటంటూ లేదు కాబట్టి అక్కడ నోటికి దగ్గరైతే ప్రాక్సిమల్. బొడ్డుకీ, రొమ్ముకీ ఈ మాటలు వాడకండి. మొండేనికి సుపీరియర్, ఇన్ఫీరియరే.

పాము కాటు కేసుల్లో ఈ మాట విలువ తెలుస్తుంది. నాట్ల రోజుల్లో పాదం మీద కాటుతో వస్తారు. ‘వాపు పైకి పాకింది’ అని రాస్తే ఎంత పాకిందో ఎవరికీ తెలియదు. వాపు ప్రాక్సిమల్ అంచు ఎక్కడుందో చర్మం మీద పెన్నుతో గీత గీసి, పక్కన టైము వేసి, ‘లాటరల్ మాలియోలస్‌కి 8 సెం.మీ. ప్రాక్సిమల్’ అని రాయాలి. మాలియోలస్ అంటే చీలమండ ముడి. తర్వాతి గీత 12 దగ్గర పడితే వాపు పెరుగుతోందని షీటే చెబుతుంది.

కదలికలకి ముందు మూడు తలాలు. వీటికి బొమ్మలకన్నా పెళ్ళికూతుర్ని తలచుకోండి. పాపిడి ఉన్న గీత మీదుగా మనిషిని కుడి ఎడమలుగా చీలిస్తే సజిటల్ తలం. చెవి నుంచి చెవికి హెయిర్‌బ్యాండ్ పెట్టే గీత మీదుగా ముందు వెనకలుగా చీలిస్తే కరోనల్ తలం. కరోనా అంటే లాటిన్‌లో కిరీటమే. వడ్డాణం ఉన్నచోట అడ్డంగా కోస్తే ట్రాన్స్‌వర్స్. ఫ్లెక్షన్, ఎక్స్‌టెన్షన్ పాపిడి తలంలో జరుగుతాయి. పక్కకి ఎత్తడం, దించడం హెయిర్‌బ్యాండ్ తలంలో. మెడ అటూ ఇటూ తిప్పడం వడ్డాణం తలంలో.

పక్కకి ఎత్తి నడిగీతకి దూరం చేస్తే అబ్డక్షన్, దగ్గరికి తెస్తే అడక్షన్. పేపర్లో కిడ్నాప్ కేసుని అబ్డక్షన్ అని రాస్తారు, ఎత్తుకుపోవడం. రెండోదాంట్లో ‘యాడ్’ ఉంది, కలపడం. కానీ నోటితో చెప్పేటప్పుడు రెండూ ఒకేలా వినిపిస్తాయి. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు ‘ఏ-బీ-డక్షన్’, ‘ఏ-డీ-డక్షన్’ అని విడదీసి పలకండి. తుంటి కీలు మార్చిన పేషెంటు విషయంలో ఈ ఒక్క అక్షరం పొరపడితే కాలు తప్పు వైపుకి జరిపి కీలు జారిపోయే ప్రమాదముంది.

వేళ్ళకి నడిగీత మొండెంలో లేదు. చేతివేళ్ళకి మధ్యవేలు, కాలివేళ్ళకి బొటనవేలి పక్కనున్న రెండోవేలు ఇరుసు. ఇక చేతి బొటనవేలు అందరినీ ముప్పుతిప్పలు పెడుతుంది, ఎందుకంటే అది మిగతా నాలుగిటికీ అడ్డంగా తిరిగి ఉంటుంది. ఇప్పుడే చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టండి. బొటనవేలిని ఫ్యాను వైపు నిటారుగా లేపితే అబ్డక్షన్. బల్లకి ఆనించే పక్కకి జరిపితే ఎక్స్‌టెన్షన్. అరచేతికి అడ్డంగా లాగితే ఫ్లెక్షన్. చిటికెనవేలి కొసని తాకిస్తే అపోజిషన్. నాటు వేసే మనిషి నారు మొక్కని బొటనవేలికీ వేళ్ళకీ మధ్య పట్టి బురదలో గుచ్చే పట్టు ఈ అపోజిషనే. అదే మనిషిని గట్టు మీద నిలబడి చూడండి. తుంట్లు బాగా ఫ్లెక్షన్‌లో, మోకాళ్ళు దాదాపు చాపి, వెన్ను ఫ్లెక్షన్‌లో, ముందున్న వరస చూడ్డానికి మెడ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటాయి. నడుం నొప్పి ఎక్కడినుంచి వస్తుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

సుపినేషన్, ప్రొనేషన్‌లకి తెలుగులో ఇంగ్లీషుకన్నా మంచి మాటలున్నాయి: వెల్లకిల, బోర్లా. తీర్థం పుచ్చుకునే చెయ్యి సుపినేషన్‌లో ఉంటుంది. గిన్నె బోర్లించినట్టు అరచెయ్యి నేలకి తిప్పితే ప్రొనేషన్. పరీక్షించేటప్పుడు పేషెంటు మోచెయ్యి 90 డిగ్రీలు ముడిచి, నడుముకి ఆనించి పట్టుకోవాలి. చెయ్యి చాపి ఉంచితే భుజం కూడా కలిసి తిరుగుతుంది. ముంజెయ్యి తిరగకపోయినా తిరిగినట్టే కనిపించి మీరు మోసపోతారు.

చీలమండ దగ్గర ఫ్లెక్షన్ అని ఉత్తగా అనకండి, ఎటో తెలియదు. పాదాన్ని ముఖం వైపు లేపితే డార్సిఫ్లెక్షన్, సుమారు 20 డిగ్రీలు. కుట్టుమిషన్ తొక్కినట్టు కిందికి నొక్కితే ప్లాంటార్‌ఫ్లెక్షన్, సుమారు 50. అరికాలు నడిగీత వైపు తిరిగితే ఇన్‌వర్షన్, బయటికి తిరిగితే ఎవర్షన్. కొబ్బరి చెట్టు ఎక్కే దింపు కార్మికుడిని ఒక్క నిమిషం ఆగి చూస్తే సగం పాఠం అక్కడే ఉంది. మానుని రెండు అరికాళ్ళ మధ్య ఇరికిస్తాడు, అది ఇన్‌వర్షన్. మోకాళ్ళు బయటికి విచ్చుకుంటాయి, తుంటి దగ్గర ఫ్లెక్షన్, అబ్డక్షన్, లాటరల్ రొటేషన్ మూడూ కలిసి ఉన్నాయి. పైకి ఎగబాకడానికి తోసినప్పుడు తుంటి, మోకాలు రెండూ ఎక్స్‌టెన్షన్‌లోకి వస్తాయి. ఇదే ఇన్‌వర్షన్ పొలం గట్టు మీద కాలు జారి అదుపు తప్పి జరిగితే బెణుకు. అప్పుడు వాపు సాధారణంగా బయటి చీలమండకి ముందూ కిందా వస్తుంది. రాసేటప్పుడు ‘లాటరల్ మాలియోలస్‌కి యాంటీరియర్, ఇన్ఫీరియర్’.

పడుకోబెట్టే తీరుల్లో వెల్లకిలా సుపైన్, బోర్లా ప్రోన్, ఇవి మీకు ఇక కష్టం కాదు. లెఫ్ట్ లాటరల్ అంటే ఎడమ పక్క పరుపుకి ఆనాలి, ఎడమ పైకి ఉండటం కాదు. ఎనిమా ఇవ్వడానికి ఇలా పడుకోబెడతారు, పెద్దపేగు చివరి వంపు ఎడమ వైపుంటుంది కాబట్టి. నిండు గర్భిణిని కూడా ఎడమకి తిప్పుతారు. గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర వెన్నుకి కుడి పక్కగా పోతుంది, గర్భసంచి బరువు దాని మీద పడకుండా. ఒకే తీరున పడుకుంటే వచ్చే పడక పుండ్లు ఎక్కడ పడతాయో కూడా ఈ పేర్లే చెబుతాయి. సుపైన్‌లో త్రికాస్థి (నడుం కింద వెన్ను చివరి ఎముక), మడమలు, తల వెనక భాగం. లెఫ్ట్ లాటరల్‌లో ఎడమ తుంటి ఎముక, ఎడమ బయటి చీలమండ.

ప్రాక్టికల్స్‌కి రోజూ పది నిమిషాలు చాలు, పుస్తకం పక్కనపెట్టి. హాస్టల్లో ఒకరు పేషెంటు, ఒకరు నర్సు. నర్సు చర్మం మీద పెన్నుతో ఒక చుక్క పెట్టి అదెక్కడుందో రాయాలి, మూడో అమ్మాయి ఆ రాత మాత్రమే చదివి తన ఒంటి మీద అదే చోట చుక్క పెట్టుకోవాలి. రెండు చుక్కలూ కలవకపోతే తప్పు రాతలో ఉంది. మొదటి రెండు రోజులు పేషెంటు నిలబడాలి, తర్వాత వెల్లకిలా, ఆ తర్వాత బోర్లా, చివరికి ఒక కాలు ముడిచి ఒత్తిగిల్లి. కండరాల పేర్లని కూడా చీల్చి చదవండి, అవి దిక్కుల మూటలే. ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ లాంగస్ అంటే మణికట్టుని చాపేది, రేడియస్ వైపున్నది, పొడవైనది.

ఇక మీ పెద్దాయన గాయం. రాసే వరుస ఇది: కుడా ఎడమా, ఏ భాగం, ఏ ముఖం, చేతికి తగిలే ఒక ఎముక గుర్తు నుంచి ఎంత దూరం, ఎటు, ఆ తర్వాత పొడవు వెడల్పు, గాయం నిలువా అడ్డమా. కొలిచే ముందు మోకాలు చాపించండి, ముడిచి ఉంటే చర్మం జరిగి కొలత మారుతుంది. దెబ్బ కుడికాలికే, ముందు వైపే అనుకుందాం. టిబియా అంటే మోకాలి నుంచి చీలమండ దాకా ముందు వైపు చేతికి తగిలే పెద్దెముక. ‘మోకాలి కింద గాయం’ అనే చోట ఇలా ఉండాలి: ‘కుడి లెగ్, యాంటీరియర్ ముఖం, మోకాలిచిప్ప కింది అంచుకి 6 సెం.మీ. డిస్టల్‌గా, టిబియా ముందంచుకి 1 సెం.మీ. మీడియల్‌గా, 3 × 1 సెం.మీ., అడ్డంగా, చర్మం వరకే.’